ఖోయాయ్ నేల నేర్పిన చిత్రం: బినోద్ బిహారీ ముఖర్జీ కళలో ప్రకృతి

శాంతినికేతన్‌లో హిందీ అధ్యయన కేంద్రమైన హిందీ భవన్‌లో మూడు గోడల పైభాగాన, డెబ్బై అడుగులకు మించిన పొడవున ఒక కుడ్యచిత్రం ఉంది. బినోద్ బిహారీ ముఖర్జీ 1946–47లో దాన్ని చిత్రించారు. మధ్యయుగపు భక్తకవులు, సాధువులు, వారి చుట్టూ కదిలే సామాన్య జనం ఆ చిత్రానికి వస్తువు. అయితే అదే చిత్రకారుణ్ని ఆయన సమకాలికులు, ఆ తరవాతి కళా విమర్శకులు ప్రధానంగా ప్రకృతి చిత్రకారుడిగా గుర్తించారు. బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా ఎర్ర నేలను, తాడిచెట్లను, వాగు కోతలను అంత ఏకాగ్రతతో చిత్రించినవారు అరుదు. మరి ఆయన జీవితంలోకెల్లా పెద్ద రచనలో కొండలకు, చెట్లకు బదులు మనుషులే ఎందుకు నిండి ఉన్నారన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. దానికి తోడు మరొక చిక్కు కూడా ఉంది. పుట్టుకతోనే ఆయనకు ఒక కంటికి చూపు లేదు, రెండో కంటికి తీవ్రమైన హ్రస్వదృష్టి. యాభై ఏళ్లు దాటిన కొద్దికాలానికి ఆ కాస్త చూపు కూడా పోయింది. ఆ తరవాత కూడా ఆయన ఇరవై ఏళ్లకు పైగా కళాసృష్టి సాగించారు.

ఈ మూడు విషయాలను విడివిడిగా చెప్పుకోవడం మామూలుగా జరుగుతున్నదే. ప్రకృతి దృశ్యాలు ఒక అధ్యాయంగా, కుడ్యచిత్రాలు మరొక అధ్యాయంగా, అంధత్వం ఒక విషాదగాథగా మిగిలిపోతాయి. నాకు మాత్రం ఈ మూడూ ఒకే సాధనలోని భాగాలుగా కనిపిస్తాయి. ప్రకృతి ఆయనకు గీయవలసిన వస్తువుగా కంటే, చిత్రాన్ని ఎలా నిర్మించాలో నేర్పే గురువుగా ఎక్కువ ఉపయోగపడింది. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే ముందు ఆయన పెరిగిన నేలను, ఆ కాలపు కళావాతావరణాన్ని అర్థం చేసుకోవాలి.

బినోద్ బిహారీ 1904 ఫిబ్రవరి 7న కలకత్తా శివార్లలోని బెహాలాలో జన్మించారు. చూపు లోపం వల్ల, అనారోగ్యం వల్ల మామూలు బడి చదువు ఆయనకు సరిగా సాగలేదు. 1917లో రవీంద్రనాథ్ టాగూర్ నడుపుతున్న శాంతినికేతన్ పాఠశాలలో చేరారు. రెండేళ్లకు, 1919లో, అక్కడే చిత్ర, శిల్పకళలు నేర్పే కళాభవన్ ప్రారంభమైనప్పుడు దాని తొలి విద్యార్థుల్లో ఒకరయ్యారు. చూపు ఇంత బలహీనంగా ఉన్న పిల్లవాడికి చిత్రకళ నేర్పడం సబబేనా అన్న సందేహం గురువు నందలాల్ బోస్‌కు కలిగిందనీ, కుర్రవాడికి ఆసక్తి ఉండి శ్రద్ధగా పని చేస్తుంటే అడ్డు చెప్పవద్దని టాగూర్ సలహా ఇచ్చారనీ చెబుతారు. ఆ అనుమతి లేకపోతే భారతీయ చిత్రకళ ఎంత కోల్పోయేదో ఇప్పుడు తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

శాంతినికేతన్ అనగానే మామిడి తోపులు, సాల వృక్షాల నీడలు మనసులో మెదులుతాయి. ఆ నీడలు చాలావరకు మనుషులు నాటి పెంచినవి. ఆశ్రమం గట్టు దాటితే ఉండేది లాటరైట్ నేల, అంటే ఇనుము శాతం ఎక్కువగా ఉండి తుప్పు రంగు తేలిన గరపనేల. వానాకాలంలో వడిగా పారే నీరు ఆ నేల పైపొరను కోసుకుంటూ పోవడం వల్ల సన్నని గండ్లు, దిబ్బలు, గులకరాళ్ల మెట్టలు ఏర్పడ్డాయి. అక్కడి వారు ఆ కోతల నేలను ఖోయాయ్ అంటారు. దూరం నుంచి చదునుగా కనిపించే ఆ నేల దగ్గరికి వెళితే మడతలు మడతలుగా తెరుచుకుంటుంది. అక్కడక్కడ ఒక ఒంటరి తాడిచెట్టు, దూరంగా సంతాల్ గూడెం, ఎండాకాలంలో సన్నబడి వానలకు పొంగే కోపాయ్ నది ఉంటాయి. హిమాలయ శిఖరాల వంటి గంభీరమైన దృశ్యంగానీ, కేరళ తీరం వంటి పచ్చదనంగానీ ఇక్కడ లేవు. చూడగానే మనసు దోచే అందం లేని చోట చిత్రకారుడికి అలంకారం మీద ఆధారపడే వీలు ఉండదు. నేల వాలు ఎటు ఉంది, చెట్టు నిలువు ఆ వాలును ఎక్కడ ఖండిస్తోంది, ఖాళీ స్థలం ఎంత బరువుగా ఉంది అన్నవే అతనికి మిగిలే సామగ్రి. బినోద్ బిహారీ ఈ సామగ్రినే చేపట్టారు. ఖోయాయ్‌లోని ఒంటరి తాడిచెట్టులో తన జీవాన్ని చూసుకోవచ్చని ఆయన తన స్మృతుల్లో రాసుకున్నారు.

ఆ కాలంలో ఒక భారతీయ యువ చిత్రకారుడి ముందు రెండు దారులు స్పష్టంగా కనిపించేవి. మొదటిది బ్రిటిష్ ప్రభుత్వ కళాపాఠశాలల దారి. ప్లాస్టర్ బొమ్మలను చూసి గీయడం, వెలుగునీడలతో వస్తువుకు గుండ్రదనం తీసుకురావడం, ఒకే కంటిచూపు బిందువు నుంచి దూరాన్ని కొలిచే పర్‌స్పెక్టివ్ సూత్రాలను పాటించడం అక్కడి శిక్షణలో ప్రధానం. రెండవది అవనీంద్రనాథ్ టాగూర్ నాయకత్వంలో వచ్చిన బెంగాల్ కళా సంప్రదాయం. అది వలస పాలకుల వాస్తవికతను తిరస్కరించి, మొఘల్, అజంతా చిత్రాల నుంచి, 1903 ప్రాంతంలో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారుల నుంచి ప్రేరణ పొంది, రంగును పలుమార్లు నీటితో కడిగి పొగమంచు వంటి మెత్తదనాన్ని సాధించే వాష్ పద్ధతిని రూపొందించుకుంది. పురాణగాథలు, చారిత్రక ఘట్టాలు, కావ్యనాయికలు దానికి ఇష్టమైన వస్తువులు. స్వదేశీ ఉద్యమపు రోజుల్లో ఆ పద్ధతి చేసిన మేలును తక్కువ చేయకూడదు. అయితే 1920ల నాటికి అందులో ఒక పరిమితి బయటపడింది. భారతీయత అన్నది ఎంచుకున్న కథలో, వేషధారణలో, ఒక రకమైన విషాద మాధుర్యంలో ఉంటుందన్న అభిప్రాయం స్థిరపడి, కళ్ల ఎదుట ఉన్న దేశం మాత్రం చిత్రంలోకి రాకుండా పోయింది.

నందలాల్ బోస్ అవనీంద్రనాథ్‌కు ప్రియశిష్యుడే అయినా, శాంతినికేతన్‌కు వచ్చాక ఈ పరిమితిని గుర్తించి విద్యార్థులను బయటికి పంపారు. చెట్టును చూసి వచ్చి గీయమనేవారు. ఆకుల్ని లెక్కపెట్టడం కంటే అది నేలలోంచి లేచిన తీరును, కొమ్మ విడివడే లయను పట్టుకోవడం ముఖ్యమని నేర్పేవారు. ఋతువుల చుట్టూ అల్లుకున్న ఆశ్రమ ఉత్సవాలు, 1928లో మొదలైన వృక్షారోపణం వంటివి, ప్రకృతిని రోజువారీ బతుకులో భాగం చేశాయి. మరోవైపు కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1920ల ఆరంభంలో అక్కడికి వచ్చి ఐరోపా కళ గురించి, వస్తువును జ్యామితి ఆకారాలుగా విడదీసి చూపిన క్యూబిజం దాకా, ఆ పైన వచ్చిన ఉద్యమాల దాకా ఉపన్యాసాలిచ్చారు. ఒకే పల్లెటూరి పరిసరాల్లో సంతాల్ గూడెమూ, పారిస్ నగరపు కొత్త కళాచర్చా పక్కపక్కన నిలవడం ఆ తరం విద్యార్థులకు దక్కిన అదృష్టం. కళాభవన్‌లోనే చదివిన రామ్‌కింకర్ బైజ్ శిల్పాలు, బినోద్ బిహారీ చిత్రాలు ఈ కలయిక లేకుండా ఊహించలేనివి. 1925లో బినోద్ బిహారీ కళాభవన్‌లోనే అధ్యాపకుడయ్యారు.

ఆయన తన దారిని ఎంత తొందరగా కనుగొన్నారో చెప్పడానికి 1924 నాటి ఒక చుట్టచిత్రం చాలు. శాంతినికేతన్ దృశ్యాలతో నిండిన ఆ కాగితపు చుట్ట వెడల్పు కొన్ని అంగుళాలే అయినా పొడవు 44 అడుగులకు పైమాటే. ఎన్నో దశాబ్దాలు ప్రజల కంటికి కనబడని ఆ రచన 2023లో కోల్‌కతాలో ప్రదర్శనకు వచ్చింది. చిత్రించేనాటికి ఆయన వయసు ఇరవై మాత్రమే. దాన్ని కుదించిన ముద్రణలో చూడటం కంటే, కాస్త కాస్తగా విప్పుతూ పోయినట్టు ఊహించుకుని చూడటం మంచిది. చెట్ల గుంపు దగ్గర మొదలైన చూపు ఖాళీ మైదానంలోకి జారుతుంది, మళ్లీ ఏదో ఒక తోపు దగ్గర ఆగుతుంది. మనుషులు చాలా తక్కువ. స్థలం మారుతున్నకొద్దీ ఋతువు కూడా మారుతుంది.

ఇక్కడ రూపానికి సంబంధించిన ఒక కీలక విషయం ఉంది. చట్రంలో బిగించిన ఐరోపా తరహా ప్రకృతి దృశ్యం చూసేవాణ్ని ఒకచోట నిలబెడుతుంది. అతని కంటి ఎత్తున క్షితిజరేఖ ఉంటుంది, దూరాలన్నీ ఆ ఒక్క బిందువు నుంచే కొలవబడతాయి. చైనా, జపాన్ దేశాలు పెంపొందించిన అడ్డపు చుట్టచిత్రం చూసేవాణ్ని నడిపిస్తుంది. అందులో కాలం కూడా ఒక కొలతగా చేరుతుంది. దృశ్యాన్ని ఒక్కసారిగా కళ్ల నిండా నింపుకోలేని మనిషికి, అంటే దగ్గరగా పెట్టుకుని ముక్క ముక్కగా చూసి మనసులో అతుక్కోవలసిన మనిషికి, ఈ రూపం ఎంత సహజంగా అమరిందో ఊహించవచ్చు.

అయితే ఆయన శైలి మొత్తాన్ని కంటి లోపంతో వివరించేసే ధోరణి ఒకటి ఉంది. దాన్ని నేను అంగీకరించలేను. వివరాలను వదిలేసి ప్రధానమైన ఆకారాలతోనే దృశ్యాన్ని నిలబెట్టడం మంచి చూపున్న రామ్‌కింకర్ కూడా చేశారు, నందలాల్ తన చివరి దశలోని నలుపు తెలుపు చిత్రాల్లో చేశారు, పదిహేడవ శతాబ్దపు జపాన్ చిత్రకారుడు సోతాత్సు అంతకన్నా సాహసంగా చేశారు. బలహీనమైన చూపు కొన్ని దారులను మూసి ఉండవచ్చు. తెరిచి ఉన్న దారుల్లో దేన్ని ఎంచుకోవాలన్నది మాత్రం ఆయన బుద్ధి చేసిన నిర్ణయం. చదువు, ఆలోచన ఇంత సమృద్ధిగా ఉన్న చిత్రకారులు మనకు తక్కువ. కళ గురించి బెంగాలీలో ఆయన రాసిన వ్యాసాలే దానికి సాక్ష్యం.

1937–38లో ఆయన జపాన్ వెళ్లారు. కుంచె పట్టు, సిరా సాంద్రత, తెల్లకాగితాన్ని ఖాళీగా వదలడంలోని ధైర్యం గురించి అప్పటికే ఆలోచిస్తున్నవారికి అక్కడి అసలు చిత్రాలను దగ్గరగా చూసే అవకాశం దొరికింది. పాతకాలపు జపాన్ చిత్రకారుడు సెస్షూ సిరా చిత్రాల్లోని దృఢమైన గీత, సోతాత్సు తెరల్లోని చదునైన రంగుల అమరిక, జంతువులను మనుషుల్లా ఆడించిన పాత చుట్టచిత్రాల చురుకుదనం ఆయనను ఆకర్షించాయి. వాటి ప్రభావం తిరిగి వచ్చాక వేసిన చిత్రాల్లో కనిపిస్తుంది. వాష్ పద్ధతి మెత్తదనం అంతకుముందే తగ్గుముఖం పట్టి గుడ్డుసొన వంటి జిగురుతో కలిపే టెంపెరా రంగుల స్పష్టత వచ్చింది. ఇప్పుడు గీత అక్షరలిపిలా తనంత తానుగా నిలబడే శక్తిని సంపాదించుకుంది. విశేషమేమిటంటే, ఇంత నేర్చుకున్నా ఆయన జపాన్ కొండలను బీర్భూమ్‌కు మోసుకురాలేదు. అక్కడి పద్ధతిని ఇక్కడి ఎర్ర నేల మీద పరీక్షించి, నిలిచినంత మేరకే ఉంచుకున్నారు.

ఆ పరీక్ష ఫలితం 1940లో కళాభవన్ విద్యార్థుల వసతిగృహం పైకప్పు మీద కనిపించింది. పైకప్పుకు క్షితిజరేఖ ఉండదు, కింద నిలబడినవాడు ఎటు తిరిగితే అటే పైభాగం, అటే కిందిభాగం. సాధారణంగా చిత్రకారులు అక్కడ ఆకాశాన్నో, దేవతలనో, పూలతీగలనో వేస్తారు. బినోద్ బిహారీ బీర్భూమ్ పల్లెను వేశారు. మధ్యలో ఒక చెరువు. దాని చుట్టూ నలువైపులా చెట్లు, గుడిసెలు, పశువులు, పనిపాటల్లో ఉన్న మనుషులు. ఏ వైపు చెట్టు ఆ వైపు నేలలో నాటుకుని ఉంటుంది, కాబట్టి మొత్తం చిత్రానికి తల, పాదం లేవు. చూసేవాడు చెరువు చుట్టూ నడిచినట్టు మెడ ఎత్తి తిరుగుతూ చూడవలసిందే. పల్లెలో నివసించేవాడు తన ఊరిని నిజంగా ఎరిగి ఉండేది ఇలాగే. ఏదో ఒక గుట్టెక్కి చూసిన దృశ్యంగా కంటే, పొద్దున ఒక గట్టు మీంచి, సాయంత్రం మరొక గట్టు మీంచి నడిచిన అనుభవంగా ఊరు మనసులో ఉంటుంది. ఆ ఎరుకను ఇంత సూటిగా చిత్రంలోకి తెచ్చిన మరో రచన నాకు తెలిసిన భారతీయ చిత్రకళలో లేదు. 1942లో శాంతినికేతన్‌లోనే చైనా అధ్యయన కేంద్రమైన చీనా భవన్‌లో ఆయన ఆశ్రమ జీవితాన్ని చిత్రించారు. అది ముఖ్యమైనదే అయినా, పైకప్పు చిత్రం తరవాత సాగిన ఒక మజిలీగానే నేను దాన్ని చూస్తాను.

ఇప్పుడు హిందీ భవన్ గోడల దగ్గరికి రావచ్చు. మధ్యయుగపు సాధువుల వాణిని ఊరూరా సేకరించి అధ్యయనం చేసిన పండితుడు క్షితిమోహన్ సేన్ శాంతినికేతన్‌లోనే ఉండేవారు, కబీరు మీద గొప్ప పరిశోధన చేసిన హజారీ ప్రసాద్ ద్వివేది హిందీ భవన్‌లోనే పనిచేసేవారు. టాగూర్ కబీరు పదాలను ఆంగ్లంలోకి తెచ్చి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. ఆ వాతావరణంలో రామానుజుడు, కబీరు, సూరదాసు, తులసీదాసు వంటి వారి జీవితాన్ని వస్తువుగా ఎంచుకోవడం సహజమే. కాలం కూడా మరిచిపోకూడదు. 1946లో కలకత్తా వీధుల్లో మతకలహాలు నెత్తురు పారించాయి, 1947లో దేశం చీలింది. కులమతాల గీతలను చెరిపిన నేతగాళ్లు, గుడ్డి గాయకులు, సంచార సాధువులు ఒకే గోడమీద నడుస్తున్న చిత్రం ఆ ఏడాదుల్లోనే రూపుదిద్దుకుంది. ఆయన ఎక్కడా నినాదం చేయలేదు గానీ, ఆ ఎంపికలోని బాధ, ఆశ నాకు స్పష్టంగా వినిపిస్తాయి.

పని జరిగిన తీరు అంతకన్నా ఆశ్చర్యకరం. ఇది తడి సున్నపు పూత మీద వేసే అసలైన ఫ్రెస్కో. సున్నం పూత తడిగా ఉండగానే నీటిలో కలిపిన రంగును దానిమీద పూయాలి. పూత ఆరుతున్నప్పుడు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి మళ్లీ సున్నపురాయిగా మారుతూ రంగును తనలో బంధిస్తుంది. అందువల్ల ఏ రోజుకు ఎంత పని చేయగలరో అంత మేరకే పూత వేసుకోవాలి, అది ఆరేలోపు ముగించాలి, తప్పు జరిగితే ఆ ముక్కను చెక్కి మళ్లీ పూయాలి. ఇంత కఠినమైన పద్ధతిలో చిత్రకారులు సాధారణంగా గోడ కొలతకు సమానమైన నమూనాను కాగితం మీద ముందే గీసుకుని దాన్ని గోడమీదికి ఎక్కిస్తారు. బినోద్ బిహారీ అటువంటి పూర్తి నమూనా లేకుండానే గోడ మీద సూటిగా పనిచేశారు. దూరంగా నిలబడి మొత్తం గోడను ఒక్క చూపులో సరిచూసుకునే సౌకర్యం ఆ కంటికి లేదు. ఆయన భార్య లీలా మన్‌సుఖానీ, ఆనాటి విద్యార్థులు కె.జి. సుబ్రమణ్యన్, జితేంద్ర కుమార్ తదితరులు పనిలో తోడున్నారు.

ఇంత పొడవైన రచన ముక్కలు ముక్కలుగా వేసినా ఎక్కడా అతుకులు కనిపించకుండా ఎలా కుదిరింది? ఈ ప్రశ్న దగ్గరే ప్రకృతి సాధన అక్కరకు వచ్చిందని నా నమ్మకం. గోడను పరిశీలనగా చూస్తే జనం కదలిక నది నడకలా సాగుతుంది. నిలువుగా సాగదీసిన సాధువుల ఆకృతులు తాడిచెట్లలా అక్కడక్కడ లేచి ఆ ప్రవాహాన్ని ఆపుతాయి. చిన్న మనుషుల గుంపులు వాగు కోతల్లోని గులకల్లా పోగుపడి విడిపోతాయి. ఇళ్ల గోడలు, స్నానఘట్టాలు దిబ్బల వాలుల్లా ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. అంటే ఇరవై ఏళ్ల వయసులో 44 అడుగుల కాగితం మీద ఖోయాయ్‌ను నడుస్తూ గీసినప్పుడు నేర్చిన లయే ఇక్కడ భారతదేశపు కొన్ని శతాబ్దాల జనజీవితాన్ని మోస్తోంది. పెద్ద సాధువు పక్కన మామూలు మనిషి చిన్నగా ఉన్నా తక్కువగా కనిపించడు, ఎందుకంటే ఇద్దరూ ఒకే ప్రవాహంలో ఉన్నారు. భక్తి ఉద్యమం చెప్పిన సమత్వాన్ని ఉపదేశంగా కాక స్థల నిర్మాణంగా చెప్పగలగడం ఈ చిత్రం సాధించిన ఘనత. మొదట్లో వేసిన ప్రశ్నకు సమాధానం కూడా ఇదే. హిందీ భవన్‌లో ప్రకృతి దృశ్యం తగ్గిపోయినా, ప్రకృతి నేర్పిన నిర్మాణం గోడ పొడవునా ఉంది.

1949లో ఆయన శాంతినికేతన్ విడిచి కాఠ్మాండూలోని నేపాల్ ప్రభుత్వ మ్యూజియం బాధ్యతలు చేపట్టారు. తరవాత కొంతకాలం రాజస్థాన్‌లోని బనస్థలి విద్యాపీఠ్‌లో ఉన్నారు. ఆపైన భార్యతో కలిసి ముస్సోరీలో కళా శిక్షణ పాఠశాల నడిపారు. 1950ల రెండో సగంలో కంటి శుక్లాల శస్త్రచికిత్స విఫలమై చూపు పూర్తిగా పోయింది. 1958లో కళాభవన్‌కు తిరిగి వచ్చి కళా సిద్ధాంతం బోధించారు, ఆ సంస్థకు ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. ఒకప్పుడు కళాభవన్‌లో ఆయన విద్యార్థి అయిన సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద డాక్యుమెంటరీ తీశారు. అంధత్వాన్ని లోటుగా కంటే ఒక కొత్త అనుభవంగా, కొత్త స్థితిగా భావిస్తున్నట్టు బినోద్ బిహారీ చెప్పుకున్నారు.

ఆ మాటను ధైర్యవచనంగా మాత్రమే తీసుకుంటే చిత్రకారుడికి అన్యాయం జరుగుతుంది. చూపు పోయాక ఆయన మైనంతో చిన్న బొమ్మలు చేశారు, రంగు కాగితాలను కత్తిరించి కొల్లాజ్‌లు కూర్చారు, నల్లని గీతలతో చిత్రాలు గీశారు, రాతి పలక మీద గీసి ముద్రించే లిథోగ్రాఫ్‌లు చేశారు. కొల్లాజ్‌లో రంగు ఏదో సహాయకులు చెప్పాలి గానీ, ఆకారం అంచు ఎక్కడ తిరుగుతుందో, ఒక ముక్క మరొక ముక్కకు ఎంత ఎడంగా ఉందో చేతివేళ్లకు తెలుస్తుంది. జీవితమంతా స్థలాన్ని ఆకారాల మధ్య బంధంగా అర్థం చేసుకున్నవారికి ఈ మార్పు అసాధ్యం కాలేదు. 1970ల ఆరంభంలో కళాభవన్ గోడ మీద ఆయన సిరామిక్ పలకలతో పెద్ద కుడ్యచిత్రాన్ని రూపొందించారు. మడిచిన కాగితపు ఆకారాలతో రూపకల్పన చేసి, దాన్ని పలకలుగా మార్పించారు. అందులోని మనుషులు చదునుగా, పెద్దగా, కొద్దిపాటి రేఖలతో నిలబడతారు. హిందీ భవన్ రచనతో పోలిస్తే సంక్లిష్టత తక్కువే, కానీ రెండింటినీ చూసిన కన్ను ఒకే చేతిని గుర్తుపడుతుంది. అంధుడు వేశాడన్న ఆశ్చర్యంతో ఆగిపోయేవారికి ఈ కొనసాగింపు కనిపించదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించేది అదే.

1974లో ఆయనకు పద్మవిభూషణ్, ఆ తరవాత విశ్వభారతి విశ్వవిద్యాలయం ఇచ్చే దేశికోత్తమ గౌరవం లభించాయి. 1980 నవంబర్ 11న మరణించారు. ఆయన కుమార్తె మృణాళినీ ముఖర్జీ జనపనార తాళ్లను ముడులు వేసి మొగ్గలు, కాండాలు, దేవతామూర్తులు కలగలిసినట్టుండే భారీ శిల్పాలు చేసి ప్రపంచ ప్రసిద్ధి పొందారు. మొక్క పెరిగే తీరును వస్తువుగా కాక నిర్మాణ సూత్రంగా తీసుకోవడం తండ్రి నుంచి ఆమెకు వచ్చిన వారసత్వమని నేను అనుకుంటాను.

తెలుగువారికి ఈ గురుపరంపరతో ఉన్న సంబంధం గుజరాత్‌లోని బరోడా మీదుగా వచ్చింది. హిందీ భవన్ గోడ దగ్గర ఆయనకు తోడుగా పనిచేసిన కె.జి. సుబ్రమణ్యన్ తరవాతి కాలంలో బరోడా కళాశాలలో గొప్ప గురువయ్యారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ 1960లలో, కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చిన తోట వైకుంఠం 1970లలో అక్కడ ఆయన దగ్గర చదువుకున్నారు. లక్ష్మాగౌడ్ తొలినాటి చెక్కుడు ముద్రణల్లో మేకలు, ముళ్లచెట్లు, పల్లె మనుషుల దేహాలు ఒకే వేరు నుంచి మొలిచినట్టు అల్లుకుని ఉంటాయి. వైకుంఠం ఎర్ర, పసుపు రంగుల్లో తెలంగాణ స్త్రీపురుషులను మళ్లీ మళ్లీ వేస్తూనే ఉన్నారు. వీరిద్దరి శైలిలో బినోద్ బిహారీ శైలి ఆనవాళ్లు వెతకడం వృథా. పుట్టిన ఊరి నేలను, మనుషులను వదలకుండా పట్టుకుని, చిత్రభాషను దానిలోంచే తయారు చేసుకోవాలన్న పట్టుదల మాత్రం శాంతినికేతన్ నుంచి బరోడాకు, అక్కడి నుంచి హైదరాబాదుకు వచ్చింది.

హిందీ భవన్ కుడ్యచిత్రం నేటికీ అదే గోడల మీద ఉంది. శాంతినికేతన్ వెళ్లే తెలుగువారు సాధారణంగా టాగూర్ నివాసాలు, రామ్‌కింకర్ శిల్పాలు చూసి తిరిగి వస్తారు. లోపలికి అనుమతి దొరికితే ఆ మూడు గోడలకూ ఒక పూట కేటాయించాలి. దానికి ముందు, వీలైతే అదే రోజు ఉదయం, ఖోయాయ్ కోతల మధ్య కొంత దూరం నడిచి వచ్చి చూడటం మేలు.